ఒక సామ్రాజ్ఞి, కొన్ని శాసనాలు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆవిడ జీవితమంతా జిల్లా కోర్టులో గడిపిన న్యాయవాది. మనోవర్తి కేసులు, పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూముల తగాదాలు, చదువురాని ఆడవాళ్ళ చేత వేలిముద్రలు వేయించుకున్న కాగితాల కేసులు ఆవిడ దగ్గరికి ఎక్కువగా వచ్చేవి. మనిషిని కట్టిపడెయ్యడానికి ఒక కాగితం చాలునని, విడిపించడానికి మరో కాగితం కావాలని ఆవిడకు బాగా తెలుసు. అటువంటి మనిషి స్మృతికి తగిన అంశం ఏదా అని ఆలోచిస్తే, పదిహేను వందల ఏళ్ళ కిందటి ఒక స్త్రీ గుర్తుకొచ్చింది. ఎలుగుబంట్లను సాకేవాడి కూతురు. రంగస్థలం మీద ఆడి పొట్టపోసుకున్న మనిషి. తరవాత 527 నుంచి 548 దాకా, ఇరవై ఒక్క సంవత్సరాలు, తూర్పు రోమన్ సామ్రాజ్యానికి సామ్రాజ్ఞి. పేరు థియోడోరా.

ఆమె పైకి ఎలా వెళ్ళిందన్నది చాలామంది చెప్పారు. నాటకాలు రాశారు, సినిమాలు తీశారు. వెళ్ళాక ఆమె కాలంలో ఏ శాసనాలు పుట్టాయో, వాటిలో ఏం రాసి ఉందో చెప్పినవాళ్ళు తక్కువ. ఆమె చరిత్రలో మనకు పనికొచ్చే భాగం ఆ శాసనాల్లో ఉందని నా నమ్మకం. ఇవాళ మీ ముందు పెట్టదలచుకున్న మాట అదే.

ముందు ఊరి సంగతి. ఇవాళ్టి ఇస్తాంబుల్, అప్పటి కాన్‌స్టాంటినోపుల్. పడమటి రోమ్‌లో చక్రవర్తుల వరస 476లో ఆగిపోయింది గానీ, తూర్పున సామ్రాజ్యం నిలబడే ఉంది. అక్కడి జనం గ్రీకు మాట్లాడినా తాము రోమన్లమనే చెప్పుకునేవాళ్ళు. నగరం నడిబొడ్డున రథాల పందేల మైదానం, హిప్పోడ్రోమ్. అందులో చక్రవర్తి కూర్చునే మంటపం, దానికి రాజప్రాసాదం నుంచి నేరుగా దారి. ప్రజలు చక్రవర్తిని ముఖాముఖి చూసేది అక్కడే. పన్నులు ఎక్కువయ్యాయని కేకలు వేసేదీ, అధికారిని తీసెయ్యమని అడిగేదీ అక్కడే. పందేలు నడిపే పెద్ద పక్షాలు రెండు, నీలి పక్షం, ఆకుపచ్చ పక్షం. గుర్రాలు, సారథులు, నటులు, నర్తకులు, ఆడించే జంతువులు, వాటిని మేపేవాళ్ళు, అందరూ ఈ పక్షాల జీతం మీదే బతికేవాళ్ళు.

ఆకుపచ్చ పక్షం వాళ్ళ ఎలుగుబంట్లను సాకే ఉద్యోగి అకాషియస్. అతనికి ముగ్గురు ఆడపిల్లలు, కొమితో, థియోడోరా, అనస్తాసియా. పెద్దపిల్లకి ఏడేళ్ళు నిండకముందే అతను జబ్బుచేసి పోయాడు. భార్య మరో పెళ్ళి చేసుకుంది. మొగుడి కొలువు రెండో మొగుడికి వస్తే ఇల్లు గడుస్తుందన్నది ఆమె ఆశ. కానీ ఆ ఉద్యోగం ఎవరికివ్వాలో తేల్చేది పక్షం తరఫున నాట్యం చూసే ఆస్టేరియస్. అతను లంచం తీసుకుని ఇంకొకడికి ఇచ్చేశాడు. అప్పుడు ఆ తల్లి ఒక పని చేసింది. మృగాల ఆట చూడడానికి ఊరంతా పోగైన రోజున ముగ్గురు పిల్లల తలల మీదా పూలచుట్లు పెట్టి, చేతులకు దండలిచ్చి, జనం ముందు మోకరిల్లబెట్టింది. ఆకుపచ్చవాళ్ళు కనికరించలేదు. నీలివాళ్ళ ఎలుగుబంట్ల కాపరి కూడా ఆ మధ్యనే చనిపోవడంతో, ఆ ఖాళీ వీళ్ళకిచ్చారు.

ఈ సంగతి మనకు చెప్పినవాడు ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్. థియోడోరా అంటే గిట్టని మనిషి. ఆమె గురించి అతను రాసిన చాలా మాటలు నేను నమ్మను గానీ, ఈ సంఘటన నమ్ముతాను. ఎందుకంటే ఇందులో ఆమెను నిందించే ఉద్దేశం లేదు. ఒక పేదింటి కష్టం ఉంది, అంతే. ఉద్యోగం అమ్ముడుపోతే ఒక ఇంట్లో ఏమవుతుందో అయిదారేళ్ళ వయసులో, అందరి కళ్ళెదుటా, మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల నేర్చుకుంది. 535 ఏప్రిల్‌లో ఆమె భర్త, చక్రవర్తి జస్టీనియన్, ఒక శాసనం చేశాడు. రాష్ట్ర పాలకుల పదవులు డబ్బుకు అమ్మకూడదు, కొనకూడదు. ఈ విషయమై దేవుడిచ్చిన తన ధర్మపత్నితో కూడా ఆలోచించానని ఆ శాసనంలోనే రాయించాడు. దానికి జతచేసిన ప్రమాణ పత్రంలో పాలకులు జస్టీనియన్‌కీ థియోడోరాకీ ఇద్దరికీ విధేయంగా ఉంటామని ఒట్టు వెయ్యాలి. ఈ రెండు సంఘటనలను నేను బలవంతంగా ముడివెయ్యను. పక్కపక్కన పెట్టి చూడమంటాను.

పెద్దపిల్ల కొమితో ఈడొచ్చేసరికి రంగస్థలం ఎక్కింది. చెల్లెలు థియోడోరా, పనిపిల్లలు వేసుకునే పొట్టి చొక్కా తొడుక్కుని, అక్క కూర్చునే పీట భుజాన మోసుకుంటూ వెనకాల తిరిగేది. తరవాత తనూ వేషం కట్టింది. ఆమెకు పిల్లనగ్రోవి రాదు, వీణ రాదు, గొప్ప నాట్యమూ రాదు. హాస్యమూ అభినయమూ ఆమె విద్య. చెంపదెబ్బలు తింటూ జనాన్ని నవ్వించే ఆట.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నటి అంటే రోమన్ చట్టంలో ఏమిటో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. రంగస్థలం ఒక కట్టుబానిసత్వం. అక్కడ పుట్టిన పిల్లలు అక్కడే పనిచెయ్యాలి, కావాలని వదిలి వెళ్ళడానికి లేదు. నాలుగో శతాబ్దపు శాసనాలు చూడండి. మరణశయ్య మీద ఉన్న నటికి పూజారి వచ్చి మతసంస్కారం చేసి, ఆ తరవాత ఆమె అదృష్టం కొద్దీ బతికితే, అప్పుడు ఆమెను తిరిగి రంగస్థలానికి లాక్కురాకూడదు. అలా సంస్కారం అడిగినప్పుడు నిజంగానే చావు దగ్గరపడిందా అని ముందు విచారించుకోవాలి. అంటే ఆ వృత్తి నుంచి బయటపడే దారి చావు అంచుల మీదుగా ఉంది. ఇక పెళ్ళి సంగతి. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు నటిని చేసుకోకూడదని, ఆమెకు పుట్టిన పిల్లలకు ఆస్తి ఇవ్వకూడదని 336లోనే కాన్‌స్టాంటైన్ శాసించాడు. దాసి, దాసి కూతురు, కల్లుదుకాణం నడిపే స్త్రీ, నటి, అందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టిన శాసనం అది.

ప్రొకోపియస్ గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. అతను మూడు పుస్తకాలు రాశాడు. యుద్ధాల చరిత్ర, చక్రవర్తి కట్టించిన కట్టడాల పొగడ్త, బతికుండగా బయటపెట్టని రహస్య చరిత్ర. ఈ మూడోది ఎన్నో శతాబ్దాల తరవాత వాటికన్ గ్రంథాలయంలో దొరికి 1623లో అచ్చయింది. అందులో తొమ్మిదో అధ్యాయం థియోడోరా యౌవనం గురించి. అంత బూతు ఒక చరిత్రకారుడి చేతి నుంచి రావడం అరుదు. ఆంగ్ల చరిత్రకారుడు గిబ్బన్ దాన్ని తన చరిత్రలోకి తీసుకుని, మరీ పచ్చి భాగాలను గ్రీకులోనే ఉంచేశాడు. 1884లో పారిస్‌లో ఆమె మీద సార్దూ నాటకం, అందులో సారా బెర్నార్డ్ వేషం. 1623 నుంచి లోకం ఆ అధ్యాయం దగ్గరే ఆగిపోయింది. ఇదంతా అబద్ధమని కొట్టిపారెయ్యడానికీ లేదు. ఎఫెసస్ జాన్ అనే మతాచార్యుడు థియోడోరా ఆశ్రయంలో బతికినవాడు, ఆమెపట్ల గొప్ప గౌరవం ఉన్నవాడు. ఆమె వేశ్యాగృహం నుంచి వచ్చిందని అతను కూడా ఒకచోట మామూలుగా అనేస్తాడు. మిత్రుడూ శత్రువూ ఇద్దరూ చెప్పిన మాట కనక, ఆమె ఆ బతుకు బతికిందని ఒప్పుకుందాం. అందులో సిగ్గుపడవలసింది ఆమె కాదు. తొమ్మిదేళ్ళ పిల్లనూ పదేళ్ళ పిల్లనూ ఆ పనికి పెట్టిన నగరం సిగ్గుపడాలి.

యౌవనంలో ఆమె హెకెబోలస్ అనే అధికారి వెంట లిబియా తీరానికి వెళ్ళింది. అతను అక్కడి పెంటాపోలిస్ రాష్ట్రానికి పాలకుడు. కొన్నాళ్ళకు ఆమెను వెళ్ళగొట్టాడు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆఫ్రికా తీరాన నిలబడ్డ ఆడది. అక్కడి నుంచి అలెగ్జాండ్రియా, తూర్పు నగరాలు, ఆంటియోక్, తిరిగి రాజధాని. కొన్నేళ్ళ తరవాత అదే లిబియా ప్రాంతంలో ఓల్బియా అనే ఊరికి ఆమె పేరు పెట్టారు. 539 ప్రాంతంలో అక్కడి చర్చి నేల మీద పరిచిన రంగురాళ్ళ చిత్రాల్లో కొత్త నగరం థియోడోరియాస్ అని రాసి ఉంది. 1957లో కస్ర్ లిబియాలో అవి బయటపడ్డాయి. హెకెబోలస్ పేరు మనకు తెలిసింది ఆమె కథలో వచ్చాడు కాబట్టే.

రాజధానికి తిరిగొచ్చాక జస్టీనియన్ ఆమెను చూశాడు. అప్పటికి అతను చక్రవర్తి మేనల్లుడు, వయసు నలభై దగ్గర. మేనమామ జస్టిన్ బాల్కన్ పల్లెటూరి రైతుబిడ్డ. తిండి వెతుక్కుంటూ కాలినడకన రాజధానికి వచ్చి, సైన్యంలో చేరి, 518లో ముసలితనంలో చక్రవర్తి అయ్యాడు. అతని భార్య అసలు పేరు లుపిసీనా. కొనుక్కొచ్చిన దాసి. సామ్రాజ్ఞి అయ్యాక యూఫేమియా అని పేరు మార్చారు. థియోడోరాతో పెళ్ళికి అడ్డం నిలిచింది ఎవరనుకుంటున్నారు? కులీనులు కాదు, ఈ యూఫేమియానే. బానిస సంత నుంచి సింహాసనానికి వచ్చిన స్త్రీ ఒక నటిని కోడలిగా రానివ్వలేదు. ఆమె మొరటుదే గానీ చెడ్డది కాదని ప్రొకోపియస్ కూడా అంటాడు. పైకెక్కినవాళ్ళు నిచ్చెన పైకి లాగేసుకోవడం లోకంలో ఎప్పుడూ ఉన్నదే. థియోడోరాను కొలిచేటప్పుడు యూఫేమియాను మరిచిపోకూడదని నేను అనుకుంటాను.

యూఫేమియా పోయాక జస్టిన్ చక్రవర్తి పేరు మీద కొత్త శాసనం వచ్చింది. 520ల తొలినాళ్ళలోది. రంగస్థలం మీద తప్పుదారి నడిచిన స్త్రీ ఆ బతుకు వదిలేసి మంచి జీవితం కోరుకుంటే, చక్రవర్తికి అర్జీ పెట్టుకోవచ్చు. అనుమతి వస్తే ఎంతటివాణ్ణయినా పెళ్ళాడవచ్చు. పాత బతుకు మచ్చ ఆమె మీద మిగలదు. ఆమె పిల్లలు సక్రమ సంతానం అవుతారు. ఒక మనిషి కోసం కుట్టిన చట్టం ఇది, అందులో సందేహం లేదు. మేనల్లుడి పెళ్ళికోసం మేనమామ రాయించాడు. అయితే రాసినవాళ్ళు అందులో థియోడోరా పేరు పెట్టలేదు, నటీమణులందరికీ వర్తించేట్టు రాశారు. ఆ శాసనం కింద ఎంతమంది గడపదాటారో లెక్కలు మిగలలేదు గానీ, గడప మాత్రం అందరికీ తెరిచారు. 525 ప్రాంతంలో పెళ్ళయింది. 527 ఏప్రిల్‌లో జస్టిన్ మేనల్లుణ్ణి సహచక్రవర్తిగా నియమించాడు. ఆగస్టు 1న జస్టిన్ చనిపోయాడు. ఎలుగుబంట్ల కాపరి కూతురు సామ్రాజ్ఞిగా మిగిలింది.

ఇక అసలు శాసనాల దగ్గరికి వద్దాం. అన్నీ జస్టీనియన్ పేరు మీదే ఉంటాయి, అది రాజ్యపద్ధతి. కానీ వాటిలో కొన్నిటిని చదువుతుంటే, ప్రాసాదంలో పుట్టినవాళ్ళకి ఇంత వివరం ఎలా తెలుస్తుందని అడగాలనిపిస్తుంది.

535 డిసెంబరు 1 నాటి శాసనం రాజధాని ప్రజలనుద్దేశించినది. తార్పుడుగాళ్ళు రాష్ట్రాలు, పల్లెలు తిరుగుతారని అది మొదలెడుతుంది. బీదపిల్లలకు చెప్పులు కొనిస్తాం, బట్టలు కొనిస్తాం అని ఆశపెడతారు. ఆ ఆశకి వచ్చిన పిల్లల్ని నగరానికి తెచ్చి గదుల్లో పెడతారు. చాలీచాలని తిండి, చింకి గుడ్డలు. సంపాదన అంతా వాళ్ళదే. ఇంతకాలం ఇక్కడే ఉంటామని పిల్లల చేత పత్రాలు రాయించుకుంటారు, జామీనుదార్ల చేత సంతకాలు పెట్టిస్తారు. ఎవడైనా మంచివాడు వచ్చి ఒక పిల్లను పెళ్ళిచేసుకుంటానంటే, డబ్బు కట్టకుండా వదలరు. కొందరు పిల్లలకు పదేళ్ళు కూడా నిండలేదు. ఇదంతా శాసనంలోనే ఉంది. శాసనం కింద ఆ పత్రాలు చెల్లవు, జామీనులు చెల్లవు. తార్పుడుగాళ్ళు నగరం విడిచి పోవాలి. వాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చినవాడు కూడా నేరస్థుడే, జరిమానాతోపాటు ఇల్లూ పోగొట్టుకుంటాడు.

చెప్పుల జత అన్న వివరం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. రాజధానిలోని లాయర్లు శాసనం రాస్తే "మోసపూరిత వాగ్దానాలు" అని రాసి ఊరుకుంటారు. ఉత్తకాళ్ళతో తిరిగే పల్లెటూరి పిల్లకు చెప్పులంటే ఎంత ఆశో తెలిసినవాళ్ళు ఎవరో ఆ గదిలో ఉండి ఉండాలి. ఆ పిల్లల్ని చెడ్డవాళ్ళని శాసనం ఎక్కడా అనదు. శిక్ష తెచ్చినవాడికి, ఉంచుకున్నవాడికి, ఇల్లిచ్చినవాడికి. ఇవాళ మన కోర్టుల్లో కూడా ఇలాంటి కేసుల్లో ముందుగా నిలబెట్టేది పిల్లనే అని ఈ సభలోని వకీళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

537లో ఇంకో శాసనం వచ్చింది. ఎప్పటికీ వదిలివెళ్ళనని నటి చేత ఒట్టు వేయించుకున్నా, పూచీకత్తు రాయించుకున్నా, అది చెల్లదు. ఆమె ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు. అలా ఒట్టు పెట్టించినవాడే జరిమానా కట్టాలి. నాలుగో శతాబ్దంలో చావు అంచుదాకా వెళ్తే గానీ తెరుచుకోని తలుపు, ఆరో శతాబ్దంలో నటి తన ఇష్టం కొద్దీ తీసుకునే తలుపు అయింది. 542 నాటి శాసనం వచ్చేసరికి పెద్ద పదవులవాళ్ళు కూడా ఇటువంటి స్త్రీలను పెళ్ళిచేసుకోవచ్చు, చక్రవర్తికి అర్జీ పెట్టనక్కర్లేదు. తన కోసం తెరిచిన చిన్న సందును థియోడోరా ఇరవై ఏళ్ళలో రహదారి చేసుకుంటూ పోయింది.

చట్టాలతో పాటు డబ్బు కూడా పెట్టింది. మలాలస్ అనే చరిత్రకారుడు చెప్పిన సంగతి. 528లో నగరంలోని వేశ్యాగృహాల యజమానులందరినీ పిలిపించి, ఒక్కొక్క పిల్లకు తల్లిదండ్రులకు ఎంతిచ్చారో ప్రమాణం చేసి చెప్పమన్నారు. అయిదేసి బంగారు నాణేలని వాళ్ళు చెప్పారు. థియోడోరా ఆ డబ్బు వాళ్ళ ముఖాన పారేసి, పిల్లల్ని విడిపించి, ఒక్కొక్కరికి ఒక జత బట్టలూ ఒక నాణెమూ ఇచ్చి పంపింది. ఆ అయిదు నాణేల విలువ అర్థం కావాలంటే ఇంకో అంకె వినండి. అదే కాలపు చట్టంలో పదేళ్ళలోపు బానిస పిల్లకు కట్టిన వెల పది నాణేలు. పేదింటి స్వతంత్రురాలి ధర బానిస ధరలో సగం.

బాస్ఫరస్ జలసంధికి ఆసియా ఒడ్డున ఒక పాత ప్రాసాదాన్ని ఆశ్రమంగా మార్చి, అలా బయటపడ్డ స్త్రీలకు నీడ కల్పించారు. ప్రొకోపియస్ కట్టడాల పుస్తకంలో దీన్ని గొప్పగా పొగిడాడు. రహస్య చరిత్రలో మాత్రం, అయిదువందల మందికి పైగా స్త్రీలను బలవంతంగా అక్కడ బంధించారని, కొందరు భరించలేక రాత్రుళ్ళు పైనుంచి దూకేశారని రాశాడు. అతను పగతో రాశాడనుకున్నా, ఇందులో కొంత నిజం ఉండి ఉండవచ్చు. ఇల్లు మూయించడం తేలిక. మూసిన ఇంట్లోంచి బయటికొచ్చిన మనిషికి మరుసటి నెల అన్నం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఏ శాసనమూ పూర్తిగా ఆలోచించలేదు. ప్రార్థనల మధ్య మఠంలో కూర్చోవడం అందరికీ బతుకు కాదు. తను స్వయంగా ఎంచుకున్న దారిని ఆమె ఇంకొకరి మీద బలవంతంగా రుద్దిందేమో అన్న అనుమానం నాకు ఉంది.

అందరూ ఎదురుచూసే ఘట్టం 532 జనవరి. దాన్ని వదిలేస్తే ఈ ప్రసంగం అసంపూర్ణం. అల్లర్లలో హత్యలు చేశారని కొందరికి ఉరిశిక్ష పడింది. ఉరికొయ్య విరిగి ఇద్దరు కిందపడి బతికారు. ఒకడు నీలివాడు, ఒకడు ఆకుపచ్చవాడు. మళ్ళీ ఉరేశారు, మళ్ళీ పడ్డారు. సన్యాసులు వాళ్ళను పడవలో తీసుకెళ్ళి చర్చిలో దాచారు. 13న పందేల రోజు రెండు పక్షాలూ కలిసి క్షమాభిక్ష అడిగాయి. చక్రవర్తి మారు పలకలేదు. తరతరాల శత్రువులు ఆ సాయంత్రం ఒక్కటయ్యారు. పందేల్లో సారథులను "గెలువు" అని హుషారెక్కించే "నికా" అన్న కేక తిరుగుబాటు కేక అయింది. నగరం తగలబడింది. పాత హాగియా సోఫియా చర్చి కాలిపోయింది. సామ్సన్ ఆస్పత్రి లోపలున్న రోగులతో సహా కాలిపోయింది. పన్నులతో పీడిస్తున్న కప్పడోషియా జాన్‌ను, న్యాయమంత్రి ట్రిబోనియన్‌ను తీసెయ్యమన్నారు, చక్రవర్తి తీసేశాడు. అప్పటికే ఆలస్యమైంది. 18వ తేదీ ఆదివారం జనం, జస్టిన్‌కు ముందటి చక్రవర్తి మేనల్లుడు హైపేషియస్‌ను, అతని భార్య ఏడుస్తూ పట్టుకుని లాగుతున్నా వినకుండా తీసుకెళ్ళి, మెడలోని గొలుసునే కిరీటంగా పెట్టారు.

ప్రాసాదంలో ఓడలు సిద్ధమయ్యాయి. పారిపోదామని మంత్రులు అన్నారు. అప్పుడు థియోడోరా మాట్లాడింది. సముద్రం ఎదురుగా ఉంది, ఓడలున్నాయి, డబ్బుంది, వెళ్ళదలచుకుంటే వెళ్ళవచ్చు. కానీ రాజ్యమేలినవాడు కాందిశీకుడై బతకడం కంటే చావు నయమని, తాను మాత్రం ఈ రాచవస్త్రం విడవనని చెప్పింది. ఈ ప్రసంగాన్ని మనకు అందించింది కూడా ప్రొకోపియస్సే. పాత గ్రీకు పద్ధతిలో పాత్రల చేత మాట్లాడించడం అతని అలవాటు కాబట్టి, మాటలు అతనివి కావచ్చు. నిర్ణయం మాత్రం ఆమెదని నేను నమ్ముతాను. మిగతావాళ్ళు పారిపోతే ఎస్టేట్లకు పోతారు. ఆమెకు వెనక్కి వెళ్ళడానికి ఉన్నది లిబియా తీరం.

ఆ నిర్ణయం ఖరీదు కూడా చెప్పాలి. ప్రాసాద ఉద్యోగి నార్సెస్ బంగారం పంచి నీలివాళ్ళను విడగొట్టాడు. సేనాపతులు బెలిసారియస్, ముండస్ సైన్యాలతో హిప్పోడ్రోమ్ ద్వారాల నుంచి లోపలికి దూసుకెళ్ళారు. చచ్చినవాళ్ళు ముప్ఫై వేలకు పైనే అని ప్రొకోపియస్, ముప్ఫై అయిదు వేలని మలాలస్. మర్నాడు హైపేషియస్‌నూ అతని తమ్ముణ్ణీ చంపి సముద్రంలో పారేశారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? బజారు జనం, కూలీలు, చేతివృత్తులవాళ్ళు. ఒకనాడు ఆమె కుటుంబం అన్నం కోసం చేతులు చాపింది ఇలాంటి జనం ముందే. ఆ ప్రసంగాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెప్పే ప్రతివాళ్ళూ ఈ అంకెను కూడా అదే వాక్యంలో చెప్పాలి.

ఆమె క్రూరత్వాలకు ఇదొక్కటే సాక్ష్యం కాదు. ఆమె కొలువులో దర్శనం కోసం పెద్దపెద్ద అధికారులు ఇరుకు గదిలో ఉక్కపోతలో గంటల తరబడి నిలబడేవాళ్ళు. లోపలికి పిలిస్తే నేలమీద సాగిలపడి పాదాలు ముద్దుపెట్టుకోవాలి. 542లో ప్లేగు రాజధానిని ముట్టడించినప్పుడు చక్రవర్తికీ సోకింది. అతను పోతే తరవాత ఎవరన్నది సేనాధిపతులు మాట్లాడుకున్నారని తెలిసి, బూజెస్ అనే సేనానిని చీకటి నేలమాళిగలో రెండేళ్ళకు పైగా పడేసింది. బెలిసారియస్ పదవీ ఆస్తీ కూడా ఊడ్చిపెట్టింది. మళ్ళీ పదవిలోకి వచ్చిన కప్పడోషియా జాన్‌ను 541లో ఆమె, బెలిసారియస్ భార్య ఆంటొనీనా కలిసి వలపన్ని పడగొట్టారు. జాన్ పతనానికి ఏ పన్నుకట్టే రైతూ ఏడ్చి ఉండడు, ఆ మాట వేరు.

మతం విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ దారి మన దేశం దాకా వచ్చింది. క్రీస్తు స్వభావం ఒకటా రెండా అన్న వివాదంలో జస్టీనియన్ రాజ్యమతం పక్షం, థియోడోరా వెలిపడ్డవాళ్ళ పక్షం. రాజ్యం తరిమిన సన్యాసులు అయిదువందల మంది దాకా రాజధానిలోనే, హార్మిస్దాస్ ప్రాసాదంలో, ఆమె నీడన బతికారు. 536లో పదవి పోగొట్టుకున్న మతాధిపతి ఆంథిమస్ ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. 548లో ఆమె చనిపోయాక చూస్తే, పన్నెండేళ్ళుగా ఆమె అంతఃపురంలోనే దాగి ఉన్నాడు. 540ల తొలినాళ్ళలో అరబ్బు నాయకుడు హారిత్ తమవాళ్ళకు బిషప్పులు కావాలని అడిగితే, ఆమె సాయంతోనే యాకోబ్ బరదేయస్‌కు దీక్ష దొరికింది. అతను బిచ్చగాడి బొంత కప్పుకుని, సైనికుల కళ్ళుగప్పి సిరియా, ఆసియామైనర్ అంతా తిరిగి, పూజారులను నియమించి, చచ్చిపోతున్న ఒక చర్చిని నిలబెట్టాడు. ఆ సిరియా చర్చికి అతని పేరే స్థిరపడింది. కేరళలో యాకోబైట్లు అని మనం వింటున్నది ఆ యాకోబ్ పేరే. ఎలుగుబంట్ల కాపరి కూతురు చేసిన సాయం ఇవాళ కొట్టాయం, ఎర్నాకుళం ప్రాంతాల్లోని చర్చి బోర్డుల మీద కనిపిస్తుంది.

548 జూన్ 28న ఆమె చనిపోయింది. క్యాన్సరని ఒక సమకాలికుడు రాశాడు. అంతకుముందు ఏడాదే ఇటలీలోని రవెన్నాలో సాన్ విటాలే చర్చి ప్రతిష్ఠ జరిగింది. ఇవాళ మనం చూసే ఆమె రూపం అక్కడి రంగురాళ్ళ చిత్రమే, చేతిలో బంగారు పాత్రతో. జస్టీనియన్ ఆమె పోయాక పదిహేడేళ్ళు బతికాడు, మరో పెళ్ళి చేసుకోలేదు. 559లో ఒక ఊరేగింపులో వస్తూ దారిలో ఆగి ఆమె సమాధి దగ్గర దీపాలు వెలిగించాడని రాజదర్బారు గ్రంథంలో నమోదైంది. శాసనాల ప్రవాహం మాత్రం 540ల తరవాత సన్నగిల్లింది. అందుకు ప్లేగు కారణమా, ట్రిబోనియన్ మరణం కారణమా, ఆమె లేకపోవడం కారణమా అంటే, మూడూ అని నేను చెబుతాను. జస్టీనియన్ తరవాత సింహాసనమెక్కిన రెండో జస్టిన్ భార్య సోఫియా, థియోడోరాకు కూతురు వరస. భర్తకు మతి చలిస్తే రాజ్యం ఆమె నడిపించింది.

మొత్తం మీద నా తీర్పు ఇది. థియోడోరా మంచి మనిషా అని అడిగితే నేను అవునని చెప్పలేను. ముప్ఫై వేల శవాలు అడ్డం వస్తాయి. కానీ రోమన్ చరిత్రలో పేదరికం నుంచి అధికారానికి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. జస్టిన్ ఉన్నాడు, యూఫేమియా ఉంది, ఇంకా ఎందరో సైనికులు ఉన్నారు. తాము వచ్చిన బురదలోనే ఇంకా మిగిలిపోయినవాళ్ళ పేరు మీద వరసగా చట్టాలు రాయించినవాళ్ళు వాళ్ళలో నాకు ఇంకెవరూ కనపడలేదు.

చరిత్ర చెప్పే ఉపాధ్యాయులు, న్యాయశాస్త్రం చదువుతున్న పిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీకొక విన్నపం. థియోడోరా పేరు ఎక్కడ తగిలినా ముందు 535 డిసెంబరు నాటి ఆ శాసనం తెరవండి. చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. ప్రొకోపియస్ తొమ్మిదో అధ్యాయం ఆ తరవాత చదవండి. మీ తరగతిలో ఆమె గురించి చెప్పవలసి వస్తే, చెప్పుల జత ఆశపెట్టి తెచ్చిన ఆ పదేళ్ళలోపు పిల్లల దగ్గర మొదలుపెట్టి చెప్పండి.